మెరవకూడని ఇత్తడి

శుద్ధ పాడ్యమి

ఈ సముద్రపు గోడ మీద తేదీలతో ఎవరికీ పని లేదు, తిథే లెక్క. పాడ్యమి అంటే ఈ పూట సముద్రం ఎక్కడిదాకా లేస్తుందో ఇక్కడ వంటమనిషి కూడా కిటికీలోంచి చూడకుండానే చెబుతాడు. నాకేమీ తెలియదు. కొండ మీద క్యాంపు నుంచి ఈ పొద్దున్నే దిగాను. సముద్రాన్ని చూడడం ఇదే మొదలు.

సాంకేతిక బడిలో చేరినవాళ్లంతా సాయంత్రం కాసేపు కూర్చుని ఆ రోజు ఏం చేశారో, ఎందుకు చేశారో సొంత మాటల్లో రాసుకోవాలట. "మేం చదవం, మీ కోసమే" అన్నారు. క్యాంపులో ఎందుకు అని నేను ఒకే ఒక్కసారి అడిగాను. ఆ పూటంతా మైదానం చుట్టూ పరిగెత్తించారు. అందుకని ముందు ఏం చేశానో రాస్తాను.

వంటమనిషికి సెల్యూట్ కొట్టాను.

భోజనాల గదిలోకి వెళ్లగానే తెల్ల చొక్కా మనిషి ఎదురొచ్చాడు. క్యాంపులో తెల్ల చొక్కా వేసుకునేది పెద్ద కమాండరు ఒక్కడే. నా చెయ్యి నన్ను అడక్కుండానే నుదుటికి లేచింది. నా వెనక మా జట్టులో మిగతా ఐదుగురి చేతులూ లేచాయి. ఆయన పాపం కంగారుపడి, చేతిలో ఉన్న సాంబారు బకెట్టు కింద పెట్టి, తిరిగి సెల్యూట్ కొట్టాడు. బల్లల దగ్గరున్న పాత విద్యార్థులు పడీ పడీ నవ్వారు. మా మస్తాన్ కూడా నవ్వాడు గానీ అతని చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది. సిగ్గుతో నాకు అన్నం సహించలేదు. అయినా క్యాంపు అలవాటు కొద్దీ అందరికంటే ముందు తినేసి, లెమ్మనేవాళ్లు లేక, ఖాళీ కంచం ముందు నిటారుగా కూర్చున్నాం.

అంతకుముందు గేటు దగ్గర మా జత పట్టీలు కత్తిరించారు. క్యాంపులో చేరిన రోజునే ఆరుగురిని ఒక జట్టు చేసి, తలా ఒక పట్టీ ఎడమ మణికట్టుకి వేస్తారు. ఒకరి గుండె దడదడలాడితే మిగతా ఐదుగురి మణికట్లూ గుంజుతాయి. ఒకరు అలిసిపోతే అందరి కాళ్లూ బరువెక్కుతాయి. మొదట్లో దాన్ని తిట్టుకుంటూ ఏడ్చాం. తర్వాత తర్వాత అదే మా ధైర్యమైంది. ఇక్కడ గుమాస్తా ఒకడు గోరు కత్తిరించినంత తేలిగ్గా దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. మణికట్టు చుట్టూ తెల్లటి చార మిగిలింది. పక్కనే నిలబడ్డ మా జట్టు ఎస్తేరు చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. భయపడుతోందో, గాలికే చల్లబడిందో నాకు అంతు పట్టలేదు.

విదియ

ఇక్కడ పొద్దున్నే ఈల వెయ్యరు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆరుగురం బూట్లు వేసుకుని మంచాల అంచున కూర్చున్నాం. ఎండ గదిలోకి వచ్చింది, బయట జనం నడుస్తున్నారు, మేం మాత్రం ఈల కోసం చూస్తున్నాం. జట్టు పెద్దని నేను. క్యాంపు మొత్తంలో మేటి జట్టు పెద్ద అని నా చొక్కా భుజానికి ఎర్ర పట్టీ కూడా కుట్టారు. మరి నేనే కదలకపోతే వాళ్లెలా కదులుతారు. చివరికి తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. పొట్టిగా, జుట్టు ముడి వేసుకుని, మోచేతుల దాకా గ్రీజుతో ఉంది.

"ఏటమ్మా, ఎవులి కోసం కూకున్నారు?"

"ఈల కోసం, ఉస్తాద్" అన్నాను లేచి నిలబడి, క్యాంపులో కసరత్తు చేయించేవాళ్లని పిలిచినట్టే.

"ఉస్తాదులు ఇక్కడ నేరు. నన్ను మేస్త్రీ అనండి. ఈలా నేదు. పనుంటే లెగాల, ఆకలేస్తే లెగాల. రండి, గాలి గది సూపిస్తాను."

పైడితల్లి మేస్త్రి ఆవిడ పేరు. విజయనగరం వైపు మనిషి. ఏదైనా వినాల్సి వస్తే తల పక్కకి వంచి కళ్లు మూసుకుంటుంది.

గోడకి అటు సముద్రం, ఇటు వరి పొలాలు. పొలాల కంటే సముద్రమే ఎత్తు. గోడ అడుగున, నీళ్ల కింద, పగుళ్లు పూడ్చడానికి గాలి గదులున్నాయి. వాటికి అడుగు ఉండదు. గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే లోపలికి నీళ్లు ఎక్కవు కదా, అలాగే గాలిని గట్టిగా నింపి నీళ్లని కిందికి తొక్కిపెడతారు. మనుషులు అందులో నిలబడి పని చేస్తారు. ఆ గాలిని పట్టి ఉంచేవి గది పైకప్పులో ఉన్న ఇత్తడి వాల్వులు. అవి ఎక్కడైనా గాలి వదులుతుంటే మీటరు ముల్లు కంటే ముందు మనిషి చెవికి తెలుస్తుందట. అందుకే ఈ గోడ మీద ఆలకింపు జట్టు అంటే అందరికీ గౌరవం.

ఎస్తేరు వచ్చిందే దాని కోసం. బాపట్ల వైపు పడవల మీద పెరిగిన పిల్ల, ఇంజను దగ్గితే ఏ బోల్టు వదులైందో చెబుతుంది. కొండ మీద ఊపిరందక పడిపోయినప్పుడల్లా నా భుజం పట్టుకుని లేచి, "ఆలకింపులో చేరాలే వకుళా. దాని కోసమే ఈ తన్నులన్నీ తింటన్నా" అనేది.

చవితి

ఈ రోజు మేం గెలిచాం. రాసుకుంటే బాగుంటుందనిపించి తొందరగా వచ్చి కూర్చున్నాను.

మూడో గాలి గది వాల్వులు మా జట్టుకి ఇచ్చారు. ఇంకా నీళ్లలోకి దించని గది. మేస్త్రి ఒక వాల్వు విప్పి చూపించింది. లోపల ఇత్తడి మూత, అది కూర్చునే ఇత్తడి అంచు. "తలా ఒకటి తీసుకోండి. ఇప్పండి, మెత్తటి గుడ్డతో తుడవండి, బిగించండి. అంతే" అని వెళ్లిపోయింది.

అంతే అంటే మా క్యాంపులో ఎవరూ నమ్మరు. ఇత్తడి బొత్తానికి సున్నపు పొడి పెట్టి ఉస్తాదుకి తన మీసం కనబడేదాకా రుద్దినవాళ్లం మేం. తలా ఒకటి తీసుకుని కుస్తీ పట్టడం కూడా నాకు నచ్చలేదు. నేను అందరినీ క్యాంపులో లాగా చేతి వరసలో కూర్చోబెట్టాను. ఒకరు విప్పి పక్కవాళ్లకి ఇవ్వాలి, రెండోవాళ్లు తుడవాలి, మూడోచోట ఎస్తేరు పొడి పెట్టి మెరిపించాలి, తర్వాతివాళ్లు కడగాలి, మస్తాన్ గ్రీజు రాయాలి, చివర నేను బిగించాలి. నా పెట్టెలో క్యాంపు పొడి డబ్బా ఇంకా ఉంది, అదే ఇచ్చాను.

ఎస్తేరు ఒక మూత పట్టుకుని ఆగింది. "ఈ అంచు మసగ్గా ఉందే. ఇట్టానే ఉండాలేమో?"

"మసగ్గా ఉంటే మురికి అనే కదా. రుద్దు మే" అన్నాను.

ఆమె రుద్దింది. పక్క జట్లు ఒక్కో వాల్వుతో తంటాలు పడుతుంటే మేం గది మొత్తం పూర్తి చేసి వరసలో నిలబడ్డాం. మేస్త్రి వచ్చేసరికి అన్నీ బిగించి ఉన్నాయి. "బేగి సేసీసినారే" అని ఒక చూపు చూసింది. అది మెచ్చుకోలనే అనుకున్నాను.

షష్ఠి

మూడో గదిలో గాలి నిలవడం లేదు.

గాలి నింపి మూసి వదిలేశారు. మధ్యాహ్నానికి మీటరు ముల్లు కొంచెం జారింది. ఎక్కువ కాదు, కానీ జారకూడదు. మేస్త్రి సబ్బు నురగ రాసి చూసి ఒక వాల్వు దగ్గర ఆగింది.

"ఈ వాల్వు ఎవులు సేసినారు?"

క్యాంపులో ఎవరు చేశారు అని ఉస్తాదు అడిగితే జట్టు మొత్తం ఒక అడుగు ముందుకు వేస్తుంది. అదే మా మర్యాద. ఒకరి గుండె అదిరితే అందరి మణికట్లూ గుంజే చోట ఒక్కరిని విడిచిపెట్టి నిలబడడం ఎవరికైనా సాధ్యమేనా. శిక్ష అందరికీ పడేది, అందరం పరిగెత్తేవాళ్లం, సాయంత్రానికి ఉస్తాదే అందరికీ టీ పోయించేవాడు.

మణికట్టుకి పట్టీ లేకపోయినా ఆరు జతల బూట్లూ ఒక్కసారే చప్పుడు చేశాయి. నాకు ఒళ్లు పులకరించింది. పట్టీలు కత్తిరించగానే మేం ముక్కలైపోలేదని గర్వం కలిగింది.

మేస్త్రి మాత్రం మొహం చిట్లించింది. "ఒక్క వాల్వు ఆరుగురూ కలిసి బిగించినారా? నాను తప్పు అడగట్నేదమ్మా, పని అడగతన్నాను. ఎవులు ఇప్పినారు, ఎవులు తుడిసినారు, దేంతో తుడిసినారు?"

"అంతా కలిసే చేశాం, మేస్త్రీ" అన్నాను గట్టిగా.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆవిడకి పనికొచ్చే ముక్క కూడా లేదు. ఆవిడ నిట్టూర్చి ఆ ఒక్క వాల్వు విప్పించి పక్కన పడేసి, స్టోరు నుంచి కొత్తది తెచ్చి తనే బిగించింది. ముల్లు నిలబడింది.

సప్తమి

తీరిక వేళ ఎస్తేరు నన్ను గోడ మీదికి లాక్కెళ్లింది. గాలికి మాట నిలవడం లేదు.

"ఆ పొడి వల్లేమోనే. పాత వాల్వు అంచు నేను చూశా. అద్దంలా ఉంది. స్టోరులో కొత్తది మసగ్గా ఉంది. నేను అన్నీ రుద్దాగా. అన్నీ అట్టానే ఉంటయ్యి. మేస్త్రికి చెబ్దామా?"

"ముల్లు నిలబడిందిగదా."

"ఇప్పుడు నిలబడింది. సముద్రం పొంగితే నిలబడుద్దా?"

నాకు ఏం తోచిందో ఉన్నదున్నట్టు రాయాలి. గది సంగతి తోచలేదు. ఎస్తేరు ఒక్కతే వెళ్లి నేను రుద్దాను అంటే రుద్దమన్నదెవరు అని అడుగుతారు. క్యాంపు మేటి జట్టు పెద్ద, ఎర్ర పట్టీ వకుళ, బడికి వచ్చిన వారంలో గది మొత్తం పాడు చేసిందని భోజనాల గదిలో చెప్పుకుని నవ్వుతారు. వంటమనిషి సెల్యూట్ గురించి వాళ్లింకా నవ్వుతూనే ఉన్నారు.

"మన జట్టులో ఒకరు ముందుకి పొయ్యి చెప్పుకునేది లేదు మే. అడిగితే అందరం అడుగేస్తాం. అంతే" అన్నాను.

ఎస్తేరు తన మణికట్టు మీది తెల్ల చార రుద్దుకుంటూ సముద్రం వైపు చూసింది. ఒప్పుకుందనుకున్నాను. పట్టీ ఉండి ఉంటే తెలిసేది.

దశమి

మేస్త్రి అందరి చెవులకీ పరీక్ష పెట్టింది. కళ్లకి గంతలు కట్టి పైపుల వరస ముందు నిలబెట్టి, ఏ పైపు సన్నగా గాలి వదులుతోందో వేలు పెట్టి చూపించమంది. నేను గాలి పోని పైపు చూపించాను. మస్తాన్ మేస్త్రినే చూపించాడు. ఎస్తేరు వరస మొత్తం ఒకసారి నడిచి, వెనక్కి వచ్చి, మూడు చోట్ల వేలు పెట్టింది. మేస్త్రి వదిలింది రెండే. మూడోది చూస్తే నిజంగానే పాడైన పైపు.

"ఈ పిల్ల చెవి బంగారమర్రా" అంది మేస్త్రి. పున్నమి పోటుకి మూడో గదిలో దిగడానికి తనతో ఎస్తేరుని తీసుకెళ్తానని చెప్పింది. అది బాగా జరిగితే ఆలకింపు జట్టులో చోటు ఖాయం.

ఎస్తేరు నవ్వుతూనే నా వైపు చూసింది. ఆ చూపు ఏం అడుగుతోందో నాకు తెలుసు. నేను చప్పట్లు కొట్టాను.

చతుర్దశి

రేపే పున్నమి. సముద్రం ఈ రోజే గోడ భుజం దాకా వచ్చింది.

పొద్దున స్టోరు గది ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మేస్త్రి లోపల ఒంటరిగానే ఉంది, పాత వాల్వులు సర్దుకుంటోంది. మేస్త్రీ, మేం అన్నీ రుద్దాం, రుద్దమన్నది నేను. ఈ రెండు ముక్కలూ నోట్లో తయారుగా పెట్టుకున్నాను. మూడోసారి ఆవిడే తలెత్తి, "ఏటమ్మా, ఏటైనా గావాలా?" అంది.

"నూనె డబ్బా" అన్నాను. ఇచ్చింది. నాకు నూనెతో పనే లేదు. దాన్ని మంచం కింద పెట్టుకున్నాను. ఇది రాస్తుంటే కనబడుతూనే ఉంది.

పున్నమి

పొద్దెక్కాక పోటు మొదలైంది. నిన్నే నీళ్లలోకి దించిన మూడో గదిలోకి మేస్త్రీ ఎస్తేరూ దిగారు. మీటరు దగ్గర నేనూ మస్తానూ. లోపలి మాటలు గొట్టంలో వినబడుతున్నాయి. పగులు చిన్నదేనని మేస్త్రి, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని ఎస్తేరు. బయట నీళ్లు గోడ మీదికి కొట్టి మా మీద చిందుతున్నాయి.

పోటు నిండుగా ఉన్నప్పుడు ఎస్తేరు గొంతు మారింది. "మేస్త్రీ, ఒకచోట కాదు. నా తల మీద, ఎడమ పక్క, అన్నీ..." అంటుండగానే పైన ఏదో పేలినట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఇంకొకటి. మీటరు ముల్లు ఒక్కసారిగా పడిపోయింది.

మస్తాన్ నా కంటే ముందు కదిలాడు. పెద్ద గాలి గొట్టం తెరిచాడు, గంట కొట్టాడు, నిచ్చెన మూత లాగాడు. నేను ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. లోపల మా ఎస్తేరుకి ఏమవుతోందో నా మణికట్టుకి ఏమీ తెలియలేదు. తెలియదని తెలిసినా పట్టుకునే ఉన్నాను.

మేస్త్రి ముందు ఎస్తేరుని పైకి తోసి తర్వాత తను వచ్చింది. ఇద్దరూ బతికారు. మేస్త్రి ముక్కులోంచి రక్తం కారుతోంది. ఎస్తేరుకి ఎడమ చెవిలోంచి వచ్చి మెడ మీదుగా చొక్కా తడిసింది. ఆమె నొప్పి అని అనలేదు. "మస్తానూ, ఏమన్నా మాట్లాడరా, ఇటు పక్క మాట్లాడరా" అని అడుగుతూనే ఉంది. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు.

బహుళ పాడ్యమి

ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి వచ్చాను. డాక్టరు బయటే కనబడి చెప్పాడు. ఎడమ చెవి ఇక వినబడదు. కుడి చెవికి ఫరవాలేదు. కానీ ఒత్తిడి గదుల్లోకి ఆమె జన్మలో దిగకూడదు.

లోపలికి వెళ్లలేదు. నిద్రపోతోంది, లేపడం ఎందుకులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు ఆమె మస్తాన్‌తో మాట్లాడుతోంది, నాకు గొంతు వినబడింది. ఇంత పిరికిదాన్నని కొండ మీద నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ ఆరుగురి ధైర్యం నా మణికట్టు మీద ఉండేది, అంతా నాదే అనుకున్నాను.

తదియ

బడికి పెద్ద అయిన కమాండెంట్ గారు స్వయంగా విచారణకి వచ్చారు. మూడో గది వాల్వులన్నీ విప్పించి ముంగిట్లో బల్ల మీద వరసగా పెట్టించారు. ఎండలో అవి ధగధగా మెరుస్తున్నాయి. ఒక్కోదాని అంచులో నా మొహం నాకే కనబడుతోంది.

మేం ఐదుగురం వరసలో నిలబడ్డాం. విచారణ మొదలవుతుండగా ఆస్పత్రి వైపు నుంచి ఎస్తేరు నడిచి వచ్చింది. తల చుట్టూ కట్టు. ఎవరూ రమ్మనలేదు. తన జాగా ఖాళీగా ఉంటే చూసి అందులో నిలబడింది.

"ఈ పని ఎవరు చేశారు?" అన్నారు కమాండెంట్ గారు.

బూట్లు చప్పుడు చేశాయి. ఎస్తేరుకి ప్రశ్న వినబడిందో లేదో. పక్కనున్న మస్తాన్ బూట్లు కదలడం చూసి తనూ ఒక అడుగు ముందుకు వేసింది. చెవి పోగొట్టుకున్న మనిషి, చెబుదామని మొదటే అన్న మనిషి, ఆ తప్పులో తన వంతు తీసుకోవడానికి ముందుకు వచ్చి నిలబడింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నా కాలు కూడా లేచింది. దాన్ని బలవంతంగా కింద పెట్టాను. వాళ్లతో పాటు ముందుకు వెళ్తే మళ్లీ వాళ్లలో కలిసిపోతాను, నన్నెవరూ చూడరు. వాళ్ల వీపుల వెనక ఒక్కదాన్నే మిగిలాను. క్యాంపులో అలా వెనక మిగిలినవాళ్లని నేను చూడలేదు. మస్తాన్ తల తిప్పి చూశాడు. ఆ చూపులో ఉన్నది అసహ్యమే. జట్టుని వదిలేశాననుకున్నాడు.

"నీకు సంబంధం లేదా?" అన్నారు కమాండెంట్ గారు.

"నాదే సార్, ఇదంతా" అన్నాను. "తలా ఒకటి చెయ్యమన్నారు. చేతి వరస పెట్టింది నేను. పొడి నాది. వద్దేమో అని ఎస్తేరు అడిగింది, రుద్దమన్నాను. తర్వాత చెబుదామంటే ఆపాను. నన్ను చూసి నవ్వుతారని ఆపాను."

చివరి ముక్క చెప్పాల్సిన అవసరం లేదు. కానీ అదే అసలు ముక్క. ముంగిట్లో ఒక్కరూ నవ్వలేదు.

కమాండెంట్ గారు ఏదో అనబోయారు. పైడితల్లి మేస్త్రి చెయ్యెత్తి ఆయన్ని ఆపి నా దగ్గరికి వచ్చింది. "పొడి తడి గుడ్డతో పెట్టినారా, పొడి గుడ్డతోనా? ఆ గుడ్డలు ఏటి సేసినారు? ఇంకే గదికైనా ఎల్లినాయా?"

అడిగినవాటికన్నిటికీ చెప్పాను. గుడ్డలు ఐదో గది జట్టుకి అరువిచ్చామని చెప్పగానే ఆవిడ ఒకరిని అటు పరిగెత్తించింది. ఐదో గదిలో అప్పుడు ముగ్గురు లోపల ఉన్నారట. బయటికి పిలిపించారు. వాళ్లు తడి బట్టలతో వచ్చి, ఎందుకు పిలిచారో తెలియక మా వైపు చూస్తూ నిలబడ్డారు.

నేను శిక్ష కోసం ఎదురుచూశాను. నిజానికి ఆశపడ్డాను. "పరిగెత్తమంటారా, మేస్త్రీ?" అని అడిగాను కూడా.

"నువ్వు పరిగెడితే వాల్వు బాగవుద్దేటమ్మా?" అంది ఆవిడ.

పంచమి

నన్ను పంపెయ్యలేదు. ఎర్ర పట్టీ మాత్రం తీసేశారు. అది నేనే విప్పి ఇచ్చాను. మెరిసిన వాల్వులన్నీ నేనొక్కదాన్నే బాగుచెయ్యాలి. మూతకీ అంచుకీ మధ్య ఇత్తడిని అరగదీసే సన్నటి ముద్ద రాసి, ఒకదాని మీద ఒకటి చేత్తో తిప్పుతూ ఉండాలి. రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుని జత కుదిరితే మసక వస్తుంది. ఆ మసకే గాలిని పట్టేది. ఎస్తేరు మొదటి రోజే దాన్ని చూసింది.

ఈ రోజంతా ఒక్కటి చేశాను. పక్కన కూర్చుని మేస్త్రి తల వంచి వింది. జత కుదరని మూత తిప్పుతుంటే చప్పుడు చేస్తుందట. "ఇంకా పలకతంది, తిప్పు" అంటుంది, తిప్పుతాను. ఆవిడ తిట్టదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

భోజనాల గదిలో మస్తాన్ నా బల్ల దగ్గర కూర్చోలేదు. కూర్చుంటే నేనే లేచిపోయేదాన్నేమో.

సప్తమి

ఎస్తేరుని కొండ మీదికి పంపించేశారు. క్యాంపులో కొత్తగా చేరేవాళ్లకి జత పట్టీలు కట్టే పని ఇచ్చారు. ఆ పనికి ఒక చెవి చాలునట.

బస్సు దాకా పెట్టె మోస్తానని అడిగాను. వద్దనలేదు. గోడ మీద నడుస్తున్నాం. కుడి పక్క సముద్రం చప్పుడు ఎక్కువగా ఉంది. పోటు తగ్గినా దాని గోల తగ్గలేదు. బస్సు దగ్గరికి వచ్చాం. పెట్టె కింద పెట్టి, తల వంచుకుని, ఇన్నాళ్లుగా నోట్లో తిప్పుకుంటున్నది మొత్తం చెప్పేశాను. తప్పంతా నాదేనని, క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదని, స్టోరు గది ముందు నూనె డబ్బా అడిగి వెనక్కి వచ్చానని కూడా చెప్పాను.

ఆమె నా వైపు తిరగలేదు. బస్సు వైపే చూస్తోంది.

అప్పుడు చూసుకున్నాను, నేను నిలబడింది ఆమె ఎడమ పక్క.

తెలియక అటు నిలబడ్డానని రాయాలని ఉంది. కానీ గోడ మీద నడిచినంత సేపూ ఆ తెల్లటి కట్టు నా కళ్ల ముందే ఉంది. పెట్టె కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుని మరీ అటు వచ్చాను. వినబడని చెవిలో చెప్పేసి, చెప్పాను అనుకుని వెళ్లిపోదామని నాలో ఒకత్తి అప్పుడే లెక్కలేసుకుంది.

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. నేను ఆమె వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాను. నాలుగడుగుల దూరం. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, నూనె డబ్బాతో సహా. ఈసారి ఆమె మొహంలోకి చూస్తూ చెప్పాను.

ఎస్తేరు చివరిదాకా విని పెట్టె అందుకుంది.

"ఇందాకే తెలిసిందిలే. నీ నోరు కదలటం చూశా" అంది. "ఇటు పక్కకి వస్తావో రావో చూద్దామని ఊరుకున్నా."

క్షమించాననలేదు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది, కుడి చెవి నా వైపు ఉండేలా. బండి కదిలేటప్పుడు చెయ్యి బయటపెట్టి, "ఆ ముద్ద ఎక్కువ రాయమాకే, పలచగా రాయి" అని అరిచింది.

మధ్యాహ్నం రెండో వాల్వు మొదలుపెట్టాను. ముద్ద పలచగానే రాశాను. మేస్త్రి తల వంచి విని, ఇంకా పలకతంది అంది. తిప్పుతున్నాను.